నవ్వు వెనక ఎముక

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర రోడ్ నంబర్ 36 ఎక్కి మాదాపూర్ వైపు సాగితే నగల దుకాణాలకూ, చీరల షోరూములకూ, కాఫీ షాపులకూ దీటుగా పళ్ల డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి. పేర్లు వేరైనా బొమ్మ దాదాపు ఒకటే. పై వరస మొత్తం కనిపించేలా నవ్వుతున్న అమ్మాయి, పక్కన ‘స్మైల్ డిజైనింగ్’ అన్న మాట. ఆ ఒక్క మాట కింద ఒకదానికొకటి పూర్తిగా తలకిందులైన రెండు పనులు జరుగుతుంటాయి. నవ్వితే చిగుళ్లు మరీ ఎక్కువగా కనిపిస్తున్నాయని వచ్చినవాళ్లకు చిగురు కత్తిరించి పన్ను పొడుగ్గా కనిపించేలా చేస్తారు. చిగురు జారిపోయి పన్ను మరీ పొడుగ్గా కనిపిస్తోందని వచ్చినవాళ్లకు అంగిలి నుంచి కండ తెచ్చి అతికించి, బయటపడ్డ వేరును మూస్తారు. మొదటిదాని ఫలితం అప్పటికప్పుడు అద్దంలో కనిపిస్తుంది. రెండోదాని సంగతి తేలాలంటే నెలలు పడుతుంది. అసలు అది ఎంతవరకు ఫలిస్తుందన్నది కత్తి పట్టిన చెయ్యి కంటే పంటి పక్కనున్న ఎముక మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. బోర్డు మీద ఈ ముక్క ఎవరూ రాయరు.

సినిమావాళ్ల పళ్లకు మెరుగులు దిద్దడం కొత్త వ్యాపారమేం కాదు. 1930వ దశకంలో హాలీవుడ్‌లో చార్లెస్ పింకస్ అనే దంతవైద్యుడు నటీనటుల పళ్ల మీద పలచని తొడుగులు అతికించేవాడు. బాలనటి షిర్లీ టెంపుల్‌కి పాలపళ్లు ఊడిన సందులు తెర మీద కనిపించకుండా కాపాడింది ఆయన తొడుగులే. కట్టుడు పళ్లను పట్టి ఉంచే పొడితో అతికించేవాడు కాబట్టి షాట్ ముగిశాక తీసి పక్కన పెట్టాల్సిందే. అదే వాటి లోపమనుకున్నారు. చిగురు కోణంలోంచి చూస్తే అదే వాటి సుగుణం. సాయంత్రానికి ఊడివచ్చే తొడుగు చిగురుకి ఏ హానీ చెయ్యదు. ఇప్పటివి పదేళ్లు, పదిహేనేళ్లు అక్కడే ఉంటాయి.

మన దగ్గరికొస్తే, 1976లో అక్కినేని నాగేశ్వరరావు బంజారాహిల్స్ రాళ్లగుట్టల్లో అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. ఆ తర్వాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్ చాంబర్, ఫిల్మ్‌నగర్ కాలనీ... పరిశ్రమ మద్రాసు విడిచి కొండెక్కింది. వెనకే జిమ్ములు, చర్మ వైద్యులు, పళ్ల వైద్యులు ఎక్కారు. రీలు మీద తీసిన రోజుల్లో మేకప్పు, లైటింగు, కాస్త మసక కలిసి చాలా దాచేవి. ఇప్పుడు 4కె కెమెరా దేన్నీ దాచదు. అది దాచినా, ఫోనులో బొమ్మ ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేసి చూసే ప్రేక్షకుడు వదలడు. పంటి మెడ దగ్గర పసుపురంగు గీత, రెండు పళ్ల మధ్య చీకటి త్రికోణం, పాత క్యాప్ అంచున బూడిదరంగు చార లాంటివి ఒకప్పుడు డాక్టరుకీ రోగికీ మాత్రమే తెలిసేవి. ఇప్పుడు వాటి కింద వ్యాఖ్యలు పడుతున్నాయి.

పన్ను పెరగలేదు, చిగురు దిగింది

అయితే ఇది తారల జబ్బు మాత్రం కాదు. అమెరికాలో 1988 నుంచి 1994 దాకా జరిపిన జాతీయ ఆరోగ్య సర్వేలో 30 ఏళ్లు దాటినవాళ్లలో 58 శాతం మందికి ఒక్క పంటికైనా కనీసం మిల్లీమీటరు మేర చిగురు జారి ఉందని తేలింది. అంటే సగం మందికి పైనే. మనవాళ్లు డాక్టరు దగ్గర చెప్పే మాట ఎప్పుడూ ‘పన్ను పొడుగైంది సార్’ అనే. పెద్దవాళ్ల పన్ను పొడుగు పెరగదు. పై వరసలో చిగురు పైకి, కింది వరసలో కిందికి తప్పుకుంటుంది. అప్పటిదాకా దాని చాటున ఉన్న వేరు వెలుగు చూస్తుంది.

వేరు వెలుగు చూడటానికి పుట్టింది కాదు. పంటికి కవచంగా ఉండే ఎనామిల్ పంటి మెడ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి కిందికి సిమెంటం అనే పలచని పొర, దాని లోపల డెంటిన్. ఆ పలచని పొర బ్రష్షు రాపిడికి త్వరగా పోతుంది. డెంటిన్ నిండా కంటికి కనిపించని గొట్టాలుంటాయి, వాటి రెండో కొస నరం వైపు. ఫ్రిజ్‌లో నీళ్లు తాగగానే జివ్వుమనేది అందుకే. ఈ భాగం మెత్తన కాబట్టి పుచ్చు కూడా త్వరగా పడుతుంది. మెడ దగ్గర గోరు పెడితే తగులుకునే గాడి పడిందంటే వేరు అరగడం మొదలై కొంతకాలమైందని అర్థం. ఇంకో సంగతి. పళ్లు తెల్లబరిచే మందు ఎనామిల్ మీద పనిచేసినట్టు వేరు మీద పనిచెయ్యదు. చిగురు జారిన పళ్లకు బ్లీచింగ్ చేయిస్తే పైన తెల్లగా, మెడ దగ్గర పసుప్పచ్చగా రెండు రంగులు తేలి, చిగురు జారడం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. సాంకేతికంగా అది చికిత్స, చూపులకు మాత్రం లోపానికి ప్రచారం.

ఎందుకు జారుతుంది? ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే శస్త్రచికిత్స చేయించుకుని రెండేళ్లకి మళ్లీ మొదటికొచ్చినవాళ్లలో చాలామంది ఈ ప్రశ్నను దాటేసి వచ్చినవాళ్లే.

ముందు వరస పళ్లకు, ముఖ్యంగా కోరపళ్లకూ వాటి పక్కపళ్లకూ, పెదవి వైపు ఉండే ఎముక సహజంగానే చాలా పలచన. కొందరికి అక్కడక్కడ అసలు ఉండదు. పైన చిగురు కూడా పలచగా ఉంటే వేరు ఛాయ బయటికే కనిపిస్తుంది. అలాంటి నోట్లో గట్టి కుచ్చు బ్రష్షుతో అడ్డంగా, బూటు పాలిష్ పట్టినంత బలంగా రుద్దితే చిగురు ఓడిపోతుంది. పళ్లు బాగా తోముకునేవాళ్లకే ఈ రకం ఎక్కువగా వస్తుందన్నది నమ్మలేని నిజం. కుడిచేతి వాటం వాళ్లకు తరచు ఎడమ కోరపన్ను దగ్గరే ముందు దిగుతుంది, బ్రష్షు అక్కడే బలంగా పడుతుంది కనుక.

రెండో రకం దీనికి సరిగ్గా వ్యతిరేకం. పాచి పేరుకుని గార కడుతుంది, గార వల్ల చిగురు వాచి నెత్తురు కారుతుంది, లోపల ఎముక కరుగుతుంది, ఎముక వెంట చిగురు దిగుతుంది. ఇది ఒక పంటితో ఆగదు. మధుమేహం అదుపులో లేనివాళ్లలో వేగం ఎక్కువ. పొగాకు దీనికి తోడు. భారతదేశంలో పెద్దవాళ్లలో 21.4 శాతం మంది పొగలేని పొగాకు వాడుతున్నారని 2016-17 నాటి జాతీయ సర్వే చెప్పింది. ఖైనీ ఏ మూల దోపుకుంటే సరిగ్గా ఆ మూలే చిగురు జారి, లోపలి చర్మం ముడతలు పడి తెల్లబడుతుంది. డాక్టరు అడగక్కర్లేదు, పెదవి ఎత్తి చూస్తే చాలు. కృష్ణానగర్ అడ్డాల్లో తెల్లవారుజామున షూటింగ్ వ్యాన్ కోసం ఎదురుచూసేవాళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలా? నిద్ర ఆపుకోవడానికి టీ, ఆకలి చంపుకోవడానికి గుట్కా.

ఇక పళ్లపొడులు. ఇటుక పొడి, బొగ్గు, ముతక ఉప్పు ఇవన్నీ వేరును గీకేవే. అమ్మమ్మల బొగ్గుపొడి నామోషీ అని వదిలేసినవాళ్లం, ఇవాళ మాల్‌లో నల్లటి చార్‌కోల్ పేస్టును ఎక్కువ ధర పెట్టి కొని తెచ్చుకుంటున్నాం. వేపపుల్లను నేను తప్పు పట్టను, కొస బాగా నమిలి మెత్తగా చేసుకుంటే. పచ్చి కొసతో చిగురు గీరుకుంటే మాత్రం అదీ ఒక గరుకు బ్రష్షే. ఇవి కాక క్లిప్పులతో పళ్లను సరిచేసేటప్పుడు పన్ను ఎముక హద్దు దాటి బయటికి జరగడం, పెదవిని చిగురుకు కట్టి ఉంచే తంతు మరీ కిందికి అతుక్కుని చిగురును లాగుతుండటం, పెదవికో నాలుకకో రింగు కుట్టించుకోవడం కూడా కారణాలే.

తొడుగు అంచున మొదలయ్యే తగాదా

జూబ్లీహిల్స్‌కి ప్రత్యేకమైన కారణం ఒకటుంది. నవ్వు దిద్దించుకోవడమే. పంటి మీద వేసే క్యాప్ అంచు గానీ, వెనీర్ అంచు గానీ బయటికి కనిపించకూడదని దాన్ని చిగురు కిందికి తోస్తారు. కొద్దిగా తోస్తే ఫరవాలేదు. 1961లో గార్గియులో బృందం మరణించినవారి దవడలను కొలిచి చూస్తే, ఎముక పైఅంచుకూ చిగురు చీలిక అడుగుకూ మధ్య పంటిని పట్టుకుని ఉండే కణజాలం సగటున 2.04 మిల్లీమీటర్లు ఉంది. శరీరం ఈ రెండు మిల్లీమీటర్ల జాగాను వదులుకోదు. తొడుగు అంచు అందులోకి చొరబడితే అక్కడ చిగురు ఎర్రబడుతుంది, తోమితే నెత్తురొస్తుంది. చివరికి ఎముకే వెనక్కి తగ్గి, పోయిన జాగాను లోపల మళ్లీ సంపాదించుకుంటుంది. చిగురు పలచనైతే అది కూడా జారుతుంది. దాచాలనుకున్న అంచు ఆరు నెలలకో ఏడాదికో ఊరందరికీ కనిపిస్తుంది. అప్పుడు క్లినిక్కు వాళ్లు ‘చిగురు సర్జరీ చేస్తే సరిపోతుంది మేడమ్’ అంటారు. సరిపోదు. తొడుగు తీసి అంచు సరిచెయ్యకుండా చేసిన సర్జరీ డబ్బు దండగ.

ఆడిషన్లకు తిరుగుతున్న పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఇరవై రెండేళ్లకే ఆరోగ్యంగా ఉన్న పళ్లను అరగదీయించుకుని ఎనిమిదో పదో తొడుగులు వేయించుకుంటే, ముప్పై ఏళ్లు దాటాక చిగురు జారినప్పుడు చూడాల్సింది ఒక పన్నును కాదు, మొత్తం వరసను.

మిల్లీమీటర్లలో చెప్పమనండి

చిగుళ్ల నిపుణుడి చేతిలో ఉండే ముఖ్యమైన పనిముట్టు కత్తి కాదు. ప్రోబ్ అనే సన్నటి కడ్డీ, దాని మీద మిల్లీమీటర్ల గీతలు. దానితో చిగురు ఎంత జారిందో, లోపల సంచి ఎంత లోతుందో, పంటిని గట్టిగా పట్టుకుని ఉండే దళసరి గులాబీరంగు చిగురు ఎంత మిగిలిందో కొలుస్తారు. వీటికంటే కీలకమైనది ఇంకొకటి ఉంది. పళ్ల మధ్య ఎముక. 1985లో పి.డి. మిల్లర్ అనే వైద్యుడు చిగురు జారడాన్ని నాలుగు తరగతులుగా విడగొట్టాడు. 2011లో ఇటలీకి చెందిన కైరో బృందం దాన్ని మూడుకు కుదించింది. రెంటిలోనూ సారం ఒకటే. పన్నుకీ పక్కపన్నుకీ మధ్యనున్న ఎముక, దాని మీది చిన్న త్రికోణపు చిగురు చెక్కుచెదరకుండా ఉంటే వేరును పూర్తిగా మూసే అవకాశం ఉంది. మధ్య ఎముక కొంత తగ్గితే ఫలితమూ కొంత తగ్గుతుంది. మధ్య ఎముక ముందు భాగం కంటే ఎక్కువ కరిగిపోయిందా, ఎంత గొప్ప చెయ్యి తిరిగిన డాక్టరైనా పూర్తిగా మూస్తానని మాట ఇవ్వకూడదు. చిగురు గాలిలో నిలబడదు. కింద దాన్ని మోసే ఎముక ఉన్నంత ఎత్తు వరకే నిలుస్తుంది.

అందుకే గట్టిగా బ్రష్ చేసి చిగురు జార్చుకున్న పాతికేళ్ల అబ్బాయికీ, గార పట్టి ఎముక కరిగిన యాభై ఏళ్ల పెద్దాయనకూ అద్దంలో ఒకేలా కనిపించే జబ్బు ఆపరేషన్ బల్ల మీద రెండు వేరు వేరు జబ్బులు. మొదటి అబ్బాయికి నూటికి నూరు శాతం మూసే ఆశ ఉంది. పెద్దాయనకు ఉన్నదాన్ని నిలబెట్టడమే ఘనవిజయం.

మరి జారిన ప్రతి చిగురుకూ కత్తి కావాలా? అక్కర్లేదు. చిగురు దిగి ఏళ్లయినా అక్కడే ఆగిపోయి, వాపు లేక, జివ్వు లేక, నవ్వితే కనిపించక ఉంటే బ్రష్షు మార్చి, ఏటా కొలిపించుకుని ఫొటో తీయించుకుంటే చాలు. మెత్తటి కుచ్చు, చిగురుకు 45 డిగ్రీల వాలులో పెట్టి చిన్నగా కదపడం, అంతే. గాడి పడితే పంటిరంగు ఫిల్లింగ్ వేస్తారు. దిగడం ఆగకపోతే, పేస్టులకు జివ్వు లొంగకపోతే, బ్రష్షు ఆనడానికి కూడా గట్టి చిగురు మిగలకపోతే, క్లిప్పులు వేయించుకోబోయే ముందు చిగురు మరీ పలచగా ఉంటే అప్పుడు ఆపరేషన్ మాట. దానికి ముందు గార తీయించుకోవడం తప్పదు. ‘క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదులుతాయట కదండీ’ అనే భయం చదువుకున్నవాళ్లలోనూ ఉంది. కదిలేది ఎముక కరిగినందుకు. అప్పటిదాకా గార సిమెంటులా పట్టి ఉంచి ఆ కదలికను దాచింది.

అంగిలి అప్పిచ్చిన కండ

ఈ శస్త్రచికిత్సకు డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. 1956లో గ్రూప్, వారెన్ అనే ఇద్దరు అమెరికన్లు జారిన చిగురు పక్కనున్న మంచి చిగురును అడ్డంగా జరిపి వేరు మీద కప్పారు. పక్కపన్నుకి చిగురు ధారాళంగా ఉంటేనే అది కుదిరేది. 1963లో బ్యోర్న్ అనే స్వీడన్ వైద్యుడు అంగిలి నుంచి పైపొరతో సహా ముక్క తీసి అతికించాడు. 1968లో సల్లివాన్, అట్కిన్స్ ఆ పద్ధతికి సూత్రాలు రాశారు. అది బతికేది, గట్టిగా ఉండేది, బ్రష్షు దెబ్బలకు తట్టుకునేది. చిక్కల్లా దాని రంగే.

అంగిలి చర్మం పాలిపోయి ఉంటుంది. మన చిగుళ్లు చాలామందికి గోధుమరంగు నుంచి ముదురు ఊదా దాకా ఉంటాయి, మెలనిన్ వల్ల. అది జబ్బు కాదు. ఆ నల్లటి చిగురు మధ్య అంగిలి ముక్క అతికిస్తే సైకిల్ ట్యూబుకి వేసిన ప్యాచ్‌లా దూరానికే తెలుస్తుంది. తెల్లవాళ్ల పాఠ్యపుస్తకాల్లో చిన్న మాటగా రాసే ఈ లోపం మన నోళ్లలో పెద్ద విషయం. కింది దవడ ముందు పళ్ల దగ్గర, పెదవి చాటున ఉండేచోట ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదే. నవ్వితే కనిపించే పై వరసకు వద్దు. చిగుళ్ల నలుపును లేజరుతో గీకించుకుని గులాబీరంగు చేయించుకునే వాడుక కూడా ఈ కొండ మీద బాగా ఉంది. పలచటి చిగురున్నవాళ్లు దాని జోలికి పోతే ఉన్న చిగురూ తగ్గే ప్రమాదం ఉంది. రంగు కొన్నాళ్లకు మళ్లీ వచ్చే అవకాశమూ ఉంది. నా మట్టుకు నాకు అది అనవసరమైన ఖర్చు.

రంగు చిక్కును తీర్చింది 1985లో లాంగర్ ద్వయం ప్రచురించిన పద్ధతి. అంగిలి పైపొరను తలుపులా తెరిచి, లోపలి పీచు కండను మాత్రమే తీసుకుంటారు. తలుపు మూసి కుట్టేస్తారు. తెచ్చిన కండను వేరు మీద పరిచి, ఆ పంటి చిగురునే కిందికి లాగి పైన కప్పుతారు. పైకి కనిపించేది ఆ చోటి చర్మమే కాబట్టి రంగు మారదు. ఇవాళ్టికీ నిపుణులు మిగతా పద్ధతులన్నిటినీ దీనితోనే పోల్చి చూస్తారు. 2000లో ఇటలీ వైద్యులు జుకెల్లి, డి సాంక్టిస్ నిలువు కోతలు పెట్టకుండా వరసగా ఉన్న చాలా పళ్లకు ఒకేసారి చిగురు దించే పద్ధతి చెప్పారు. నిలువు కోత ఉంటే సన్నటి మచ్చ మిగలొచ్చు, లేకపోతే ఆ బెంగ లేదు. కెమెరా ముందు నిలబడేవాళ్లకు ఆ తేడా విలువ తెలుసు. అసలు పైన కోతే లేకుండా చిగురు కింద సొరంగంలా విడదీసి కండను లోపలికి జార్చే పద్ధతులూ వచ్చాయి.

2012లో కాలిఫోర్నియా వైద్యుడు జాన్ చావో సూది బెజ్జమంత రంధ్రం చేసి, దానిలోంచి పనిముట్టు పోనిచ్చి చిగురును వదులు చేసి దించే పద్ధతిని ప్రచురించాడు. ‘కోత లేదు, కుట్టు లేదు’ అన్న ప్రకటనలకు మూలం అదే. సరైన పంటికి అది బాగానే పనిచేస్తుంది. కానీ పలచటి చిగురును దించినంత మాత్రాన అది దళసరి కాదు. అలాగే రోగి రక్తం కొద్దిగా తీసి, యంత్రంలో గిర్రున తిప్పి, మేలురకం గడ్డను వేరు చేసి వాడే పీఆర్‌ఎఫ్ పద్ధతి. ఫ్రాన్స్‌లో షుక్రూన్ 2001లో మొదలుపెట్టాడు. గాయం మానడానికి తోడ్పడుతుంది, చవక, మన రక్తమే మనకు కాబట్టి పడకపోవడం ఉండదు. అంగిలి కండకు పూర్తి బదులు అనుకోవడం మాత్రం పొరపాటు. అంగిలి కొయ్యకుండా బయటి నుంచి కొని తెచ్చే పొరలున్నాయి. కొన్ని దానం చేసిన మానవ చర్మం నుంచి, కొన్ని పంది కొల్లాజెన్ నుంచి తయారవుతాయి. వేరుకు పూసే ఒక ప్రసిద్ధ జెల్ పందిపిల్లల పంటి మొగ్గల నుంచి వస్తుంది. ఆచారం, ఆహారం పట్టింపు ఉన్నవాళ్లు ముందే అడగాలి. డాక్టరు తనంతట తానే చెబితే ఇంకా మంచిది.

అంగిలిలో కండ తీసే చోటు కోరపన్ను వెనక నుంచి మొదటి పెద్ద దవడ పన్ను దాకా. మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు. మరీ లోపలికి పోతే పెద్ద రక్తనాళం ఉంటుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే పెద్దవాళ్లుంటే వాళ్ల అంగిలి మీద తెల్లమచ్చలు పరీక్షించకుండా అక్కడ కత్తి పెట్టకూడదు. ఆ అలవాటుకీ అంగిలి క్యాన్సర్‌కీ ఉన్న సంబంధం దశాబ్దాల కిందటే రుజువైంది.

మత్తు సూది ఆ చోటికే ఇస్తారు. ఒకటి రెండు పళ్లకైతే గంట, గంటన్నర పని. అసలు పరీక్ష తర్వాత మొదలవుతుంది. పైపొరతో సహా అతికించిన ముక్కకి మొదటి రెండు మూడు రోజులు సొంత రక్తనాళాలుండవు. కింది నుంచి ఊరే ద్రవం మీదే బతకాలి. ఆపైన సన్నటి నాళాలు అల్లుకుంటాయి. ఈ లోపు పెదవి లాగి అద్దంలో చూసుకుంటే ముక్క కదిలి చచ్చిపోతుంది. ఆత్రం కొద్దీ ఆపరేషన్ పాడుచేసుకునేవాళ్లు ఇలాగే చేసుకుంటారు. రెండు వారాలు ఆ చోట బ్రష్షు పెట్టకూడదు, క్లోర్‌హెక్సిడిన్ నీళ్లతో పుక్కిలించాలి. టీ, కాఫీలు తాగేవాళ్లకు ఆ మందు వల్ల పళ్ల మీద గోధుమరంగు పడుతుంది. తర్వాత తుడిస్తే పోతుంది, భయపడొద్దు. అంగిలి గాయం రోగిని ఎక్కువ బాధపెడుతుంది, చిగురు గాయం తక్కువ. ముద్దపప్పు, పెరుగన్నం, చల్లటి జావ తప్ప గారెలు, జంతికలు, ఆవకాయ ఊసెత్తకూడదు. రెండు వారాలకు అటూ ఇటూగా కుట్లు తీస్తారు. చిగురు రూపం కుదుటపడటానికి మూడు నుంచి ఆరు నెలలు. కొందరికి ఏడాదిలో చిగురు దానంతటదే ఇంకాస్త పాకి వేరును మూయడం కూడా ఉంది.

నటులకైతే కాల్షీట్ల లెక్కలో రెండు వారాలు గట్టిగా విడిచిపెట్టాలి. డబ్బింగ్ కళాకారులు, గాయకులు మరీ జాగ్రత్త. పెదవుల పని మీద బతికేవాళ్లు వాళ్లు. సినిమా విడుదలకు ముందు ఇంటర్వ్యూల కోసం నెల ముందు చేయించుకుందామనుకుంటే వద్దనే చెప్పాలి. పొగ తాగేవాళ్లకు ఫలితం తగ్గుతుందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. మానకపోతే చెయ్యనని చెప్పే డాక్టరు దొరికితే మర్యాదగా నమస్కారం పెట్టండి.

ఒక కేసు, కొన్ని ప్రశ్నలు

2024 ఫిబ్రవరిలో జూబ్లీహిల్స్‌లోని ఒక దంతవైద్యశాలకు నవ్వు దిద్దించుకోవడానికి వెళ్లిన యువకుడు చనిపోయాడు. పెళ్లి కుదిరి ఉంది. మత్తుమందు మోతాదు మించిందని కుటుంబం ఫిర్యాదు చేసింది, పోలీసులు నిర్లక్ష్యం కింద కేసు పెట్టారు. ఆ వార్త చదివి చాలామంది పళ్ల డాక్టరంటేనే భయపడ్డారు. చోటికిచ్చే మత్తుసూది సరిగ్గా వాడితే చాలా సురక్షితమైనదే. కానీ మోతాదు మనిషి బరువును బట్టి, గుండె పరిస్థితిని బట్టి, వాడుతున్న మందులను బట్టి లెక్కకట్టాలి. చక్కెర, రక్తపోటు, రక్తం పలచబడే మాత్రలు, ఇదివరకు ఏ మందైనా పడకపోవడం లాంటివి కాగితం మీద రాయించుకోని చోట సూది వేయించుకోకూడదు. చిగురు సర్జరీ అత్యవసరమైనది కాదు. ఇవాళ కాకపోతే వచ్చే నెల చేయించుకోవచ్చు. కాబట్టి తొందరపెట్టేవాళ్లను చూసి అనుమానపడే హక్కు మనకుంది.

చేసేవాళ్ల చదువు కూడా అడగొచ్చు, అందులో తప్పేం లేదు. బీడీఎస్ తర్వాత మూడేళ్లు చిగుళ్ల మీదే చదివినవాళ్లు పీరియడాంటిక్స్‌లో ఎండీఎస్‌లు. ‘కాస్మెటిక్ డెంటిస్ట్’ అన్నది పట్టా కాదు, బోర్డు మీది మాట. ఎందుకు జారింది, ఎన్ని మిల్లీమీటర్లు, మధ్య ఎముక ఎలా ఉంది, ఎంతవరకు మూస్తుంది, అంగిలి నుంచి తీస్తారా బయటి నుంచి తెస్తారా? ఈ ప్రశ్నలకు రెండు నిమిషాల్లో సూటిగా జవాబు చెప్పలేనివాళ్లు మూడు కోణాల్లో నవ్వు చూపించే కంప్యూటర్ బొమ్మలు ఎన్ని చూపించినా నాకు నమ్మకం కలగదు.

డబ్బు సంగతి. జూబ్లీహిల్స్‌లో లెక్క పంటికి ఇంత అని వేల రూపాయల్లో ఉంటుంది. విదేశీ పొరలు వాడితే ఇంకా పెరుగుతుంది. ఆరోగ్య బీమాల్లో చాలావాటికి ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల వైద్యం వర్తించదు. కొండ మీది తారలకు ఇది పెద్ద మొత్తం కాదు. కొండ దిగువన కృష్ణానగర్‌లో, ఇందిరానగర్‌లో గది అద్దెకూ భోజనానికీ లెక్కలు వేసుకునే జూనియర్ ఆర్టిస్టులకూ, లైట్‌మెన్‌కూ, సెట్ పనివాళ్లకూ నెల సంపాదన. వాళ్ల నోళ్లే ఎక్కువ పాడయ్యాయి, వాళ్లకే దారి తెలియదు.

దారి ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి పక్కనున్న ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో చిగుళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు, ఖర్చు నామమాత్రం. వరస ఎక్కువ, కుర్చీ పాతది, ఓపిక పట్టాలి. కానీ అక్కడ ప్రోబ్‌తో ప్రతి పంటినీ ఆరుచోట్ల కొలిచి రాస్తారు, ఎందుకంటే రాయకపోతే ప్రొఫెసరు ఊరుకోడు. ఆ కాగితం మీ దగ్గరుంటే తర్వాత ఏ కొండ మీది క్లినిక్కుకెళ్లినా బేరం మీ చేతిలో ఉంటుంది.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో ఎర్ర లైనుకు మారి, ఎంజీబీఎస్‌లో దిగండి. అక్కడి నుంచి ఆటో ఎక్కితే అఫ్జల్‌గంజ్ దగ్గరే. ఓపీ ఉదయం పూటే, ఆదివారం ఉండదు.